పైమనిషి నడుము

మాచర్ల శివారు నాపరాళ్ల ఫ్యాక్టరీలో లారీకి బండలెక్కించేవాళ్లు జోడీలుగా పనిచేస్తారు. నేల మీంచి లారీలోకి వేసిన చెక్క మీద ఒకడు బండ పైకొస పట్టుకుని, వంగి, వెనక్కి వెనక్కి ఎక్కుతాడు. వాడు పైమనిషి. రెండోవాడు కిందికొస పట్టుకుని వాడి మొహం చూస్తూ ఎక్కుతాడు. పైమనిషి చేతిలోంచి బండ జారిందంటే తిన్నగా పోయి కిందిమనిషి రొమ్ము మీదే పడుతుంది. అందుకే పైమనిషికి ఒక కట్టుబాటు ఉంది. ఒంట్లో బాగాలేకపోతే చెక్క ఎక్కకముందే చెప్పేయాలి. ఎక్కాక పట్టు తప్పుతుంటే ‘వదులు’ అని అరవాలి. ఆ అరుపు వినగానే ఇద్దరూ బండను లారీకి ఎడమవైపు విసిరేసి కుడివైపు దూకాలి.

పదకొండేళ్లుగా మక్బూల్ పైమనిషి, ఇమ్మానుయేల్ కిందిమనిషి. ఇన్నేళ్లలో ఆ అరుపు ఒక్కసారి కూడా వినపడని జోడీ ఇదేనని ఫ్యాక్టరీ అంతా చెప్పుకునేది. ఆ మాటంటే మక్బూల్‌కు మహా ఇష్టం. ఇప్పుడు ఆ ఇష్టమే కొంప ముంచేట్టుంది.

నెల రోజులుగా అతనికి నడుము నొప్పి. పొద్దున లేచి నిలబడాలంటే గోడ పట్టుకోవాల్సిందే. ఎవరికీ చెప్పలేదు. చెబితే మేస్త్రీ హనుమంతరావు చెక్క మీంచి దింపి రాతిముక్కలు ఏరే పనికి పంపుతాడు. ముసలివాళ్లు చేసే పని, నలభై రెండేళ్లకే తనకా! ఆ తలంపుకే అతనికి ఒళ్లు మండేది.

చివరికి ఊళ్లో ఫిజియోథెరపీ చేసే ఫిలోమినా దగ్గరకు చాటుగా పోయాడు. ఆవిడ అతని వెన్నుకు అటూ ఇటూ నిలువుగా, మధ్యలో అడ్డంగా, సాగే గుడ్డ పట్టీలు అంటించింది.

“ఇది నీ నడుమును మొయ్యదయ్యా. నువ్వు వంగరాని వంపు వంగినప్పుడు చర్మాన్ని లాగి చెప్తది. లాగిందంటే ఆగు. రెండు వారాలు బరువుల జోలికి మాత్రం పోబాక” అంది.

అతనికి మొదటి మాటే నచ్చలేదు, చివరి మాట అసలే నచ్చలేదు. అయినా పట్టీతో నొప్పి సగం తగ్గినట్టనిపించింది. మర్నాడే పనిలోకి వచ్చేశాడు.

పది గంటలకల్లా చెమటకూ రాతి బురదకూ పట్టీల అంచులు లేచాయి. అంటుకుని ఉన్నంత మేరా, వంగినప్పుడల్లా చురుక్కుమని లాగుతూనే ఉంది. ఆ లాగుడు మక్బూల్‌కు చికాకైపోయింది. ప్యాకింగ్ షెడ్డు వెనక్కి పోయి, పాలిష్ పలకల అట్టపెట్టెలకు వేసే గోధుమరంగు టేపు తీసుకుని, ఊపిరి బిగబట్టి నడుము చుట్టూ ఆరేడు చుట్లు చుట్టేశాడు. ఇక లాగడం లేదు. నడుము కొయ్యలా బిగుసుకుంది. ఇదీ కట్టంటే, ఆ డాక్టరమ్మకేం తెలుసు అని మురిసిపోయాడు కూడా. తెలివి అలా ఏడ్చింది.

మధ్యాహ్నం ఆరడుగుల బండలు మొదలయ్యాయి. మూడు ఎక్కించారు. నాలుగోది ఎత్తుతూ ఇమ్మానుయేల్ అతని మొహంలోకి చూశాడు.

“ఏందిరా మక్బూలూ, మొహం అట్టా పాలిపోయింది? కాసేపు కూచుందామా?”

“ఎండకి అన్నా. పద.”

చెప్పడానికి అదే ఆఖరి అదను. ఆ సంగతి మక్బూల్‌కు తెలుసు. తెలిసే చెక్క మీద కాలు పెట్టాడు.

ఒక అడుగు. రెండో అడుగు. నడుము ఎంత వంగిందో అతనికి తెలియడం లేదు. తెలియజెప్పాల్సిన పట్టీని తన చేతులతోనే నొక్కిపెట్టాడు మరి. నాలుగో అడుగులో వెన్ను అడుగున ఏదో పుటుక్కుమంది. తొడలోకి మంట పాకింది. ఎడమకాలు తనది కాకుండా పోయింది. బండ వేళ్ల చివరలకు జారింది.

ఇంకో మూడడుగులే, లాగేద్దాం అంది మనసు. కింద ఇమ్మానుయేల్ బరువుకు పళ్లు బిగించాడే తప్ప, ఆ కళ్లలో భయమన్నది లేదు. పైన ఉన్నది మక్బూల్ కదా! ఆ మొహం చూసేసరికి మక్బూల్‌కు తన మీద తనకే అసహ్యం పుట్టింది. బండ ఇంకాస్త జారింది.

“వదులు! అన్నా, వదులూ!”

బండ ఎడమకు పోయింది, మనుషులు కుడికి పడ్డారు. నేలకు తగిలి బండ మూడు ముక్కలైంది. ఇమ్మానుయేల్ మోకాలు చీరుకుపోయింది, అంతే. మక్బూల్ బోర్లాపడి లేవలేకపోయాడు.

మేస్త్రీ పరుగున వచ్చాడు. “ఎవడ్రా జార్చింది?”

“నా చెయ్యే జారింది మేస్త్రీ, చెమటకి. వాడు చూసి అరిచాడు గాబట్టి బతికా” అన్నాడు ఇమ్మానుయేల్, రొప్పుతూ.

హనుమంతరావు తిట్లు లంకించుకున్నాడు. పదకొండేళ్లలో ఒక మాట పడని ఇమ్మానుయేల్, తలొంచుకుని అన్నీ పడ్డాడు. మక్బూల్ కిక్కురుమనకుండా ఉంటే చాలు, రేపు కూడా అతనే పైమనిషి. రేపు కూడా కింద ఇమ్మానుయేలే.

“అన్న చెయ్యి జారలేదు మేస్త్రీ. నా నడుం పోయింది” అని, పడుకున్నవాడు పడుకున్నట్టే చొక్కా పైకి లాగాడు.

ఇమ్మానుయేల్ కుంటుతూ దగ్గరకొచ్చి ఆ టేపు చుట్లు చూశాడు, వాటి కిందనుంచి తొంగిచూస్తున్న నీలం పట్టీ చూశాడు.

“ఎన్నాళ్ల నుంచి?”

“నెల.”

ఇమ్మానుయేల్ చతికిలబడ్డాడు.

“నెల రోజులు నన్ను కింద పెట్టుకుని ఎక్కావా, మక్బూలూ?”

కోపంగా అడిగి ఉంటే మక్బూల్ ఓర్చుకునేవాడు. ఇమ్మానుయేల్ గొంతు వణికింది.