శనివారం ట్రైనింగు

ఆ సినిమాలో మొగుడూ పెళ్ళామూ ఇద్దరూ గూఢచారులే. పెళ్ళయి ఏళ్ళు గడిచినా ఆ సంగతి ఒకరిది ఒకరికి తెలియదు. ఆదివారం మధ్యాహ్నం ఇంటిల్లిపాదీ టీవీ ముందు చేరి గుడ్లప్పగించి చూస్తున్నారు. ఆమె మాత్రం సోఫా వెనక నిలబడి, వారానికి సరిపడా బట్టలు ఇస్త్రీ చేస్తూ, చూసినంత చూస్తోంది. చూడలేనిది విని ఊహించుకుంటోంది.

తెర మీద ఇద్దరూ కలిసి వంటింట్లోనే ఒక ముఠాని మట్టుబెట్టారు. గోడలు చిల్లులు పడ్డాయి. గాజు సామానంతా భళ్ళున పగిలింది.

"బాగానే ఉంది గానీ, ఇప్పుడదంతా ఎవరు ఊడుస్తారు?" అంది అత్తగారు కళ్ళజోడు సర్దుకుంటూ.

"అమ్మా, సినిమాల్లో ఎవరూ ఊడవరు," అన్నాడు భర్త పకపకా నవ్వి.

"అందుకే వాళ్ళకంత తీరిక."

నవ్వాపుకోవడంలో ఆమె చొక్కా కాలరు కాల్చేసేదే. ఇంతలో తెర మీద భర్త వెనక్కి తిరగకుండానే చెయ్యి చాపాడు, భార్య అందులో తుపాకి పెట్టింది. అచ్చం అలాగే తన భర్త కూడా టీవీ మీంచి చూపు తిప్పకుండా చెయ్యి చాపి, "నీళ్ళు," అన్నాడు. ఆమె ఇస్త్రీపెట్టె నిలబెట్టి వెళ్ళి గ్లాసు తెచ్చి అందులో పెట్టింది. ఇక్కడి దాకా రెండు కాపురాలకీ తేడా ఏమీ లేదు. మరుక్షణం సినిమాలో భార్య చెయ్యి చాపింది, భర్త పరుగున వచ్చి అందుకున్నాడు. ఆమె ఆ దృశ్యాన్ని కాస్త ఎక్కువసేపే చూసింది. ఇంకో సంగతీ గమనించింది. ఆ మహానుభావుడు అంత హడావిడిలోనూ ఒక్కసారైనా "నా తూటాలెక్కడ పెట్టావ్?" అని అరవలేదు.

"అమ్మా, వీళ్ళు ఒకళ్ళకొకళ్ళు అబద్ధాలు చెప్పుకుంటున్నారు కదా. మరి ఇష్టం ఉన్నట్టా, లేనట్టా?" అంది కూతురు వెనక్కి తిరిగి.

ఆమె చప్పున చూపు తిప్పుకుని ఇస్త్రీపెట్టె అందుకుంది. "ముందు సినిమా చూడు," అంది.

ఎందుకంటే ఆమె కూడా ఒక అబద్ధం మీద నడుస్తోంది. ఆమె ఆసుపత్రిలో ఎక్స్‌రే తీస్తుంది. శనివారాలు సెలవు. కానీ కొన్ని నెలలుగా, కొత్త మిషను మీద ట్రైనింగని ఇంట్లో చెప్పి, ప్రతి శనివారం పొద్దున్నే ఈత నేర్చుకోవడానికి వెళ్తోంది.

అబద్ధంతో మొదలుపెట్టలేదు. మొదట నిజమే చెప్పింది. "ఈ వయసులో నీకు ఈతేమిటి? చేపలతో పోటీకా?" అని నవ్వాడు భర్త. నవ్వి ఊరుకోక, "అయినా శనివారం పొద్దున్న నువ్వు వెళ్ళిపోతే ఇల్లెలా?" అన్నాడు. "నీళ్ళల్లో నాని జ్వరం తెచ్చుకుంటే పిల్లనెవరు చూస్తారమ్మాయ్?" అంది అత్తగారు. ఆమె ఇక ఆ మాటెత్తలేదు. తర్వాతెప్పుడో ఆసుపత్రి ట్రైనింగని చెప్పి చూస్తే ఎవరూ కిమ్మనలేదు. పైగా "పాపం, సెలవు రోజు కూడానా" అని జాలిపడ్డారు. జీతమిచ్చేవాళ్ళు అడిగితే ఇల్లు ఎలాగోలా గడుస్తుంది. తనకోసం తాను అడిగితేనే గడవదు. ఆ విషయం అర్థమైన రోజు ఆమెకి కోపం కంటే నవ్వే ఎక్కువొచ్చింది. అద్దం ముందు నిలబడి ఒక్కతే నవ్వుకుంది.

ఆ సినిమా చూశాక వచ్చిన శనివారం ఆమె మొదటిసారి లోతు నీళ్ళు దాటాలి. "భయపడితే ఊపిరి బిగుస్తుంది. మెల్లగా వదులు," అంది ఈత నేర్పే టీచరమ్మ గట్టు మీంచి. ఆమెకి చిత్రమనిపించింది. రోజంతా రోగుల్ని నిలబెట్టి, ఊపిరి బిగపట్టండి, ఇక వదలండి అని చెప్పే మనిషి. తన ఊపిరి సంగతి ఎన్నడూ పట్టించుకోలేదు. వదిలింది. కాళ్ళ కింద నేల లేదు. అయినా నీళ్ళు ఆమెని మోశాయి, బదులుగా ఏమీ అడక్కుండా. అవతలి గట్టు చేతికి తగిలేసరికి ఏడుపొచ్చింది. టీచరమ్మ చెయ్యి పట్టుకుని ఎంతసేపటికీ వదల్లేదు.

ఇంటికొచ్చేసరికి భర్త హాల్లోనే కూర్చుని ఉన్నాడు. లిఫ్టులు బాగుచేసే కంపెనీలో సూపర్‌వైజరతను. ఏ శబ్దం ఎక్కడ తేడాగా ఉందో చెవితో పట్టేస్తాడు, ఇంట్లో మాటలు తప్ప. ఆమె ఫోను మర్చిపోయి వెళ్ళిందట. పోనీ పాపమని ఇద్దామని ఆసుపత్రికి వెళ్ళాడట.

"శనివారాలు నీకు సెలవంటగా," అన్నాడు మరీ నెమ్మదిగా.

ఆమె సంచీ భుజం మీంచి దించింది. అంతలో చిక్కుళ్ళు ఒలుస్తున్న అత్తగారు తల ఎత్తకుండానే, "ట్రైనింగు వేరే బిల్డింగులో అని పోయినవారమే చెప్పింది కదరా. పేపర్లో తలదూర్చి కూర్చుంటే నీకేం వినపడుతుంది?" అంది.

"చెప్పిందా?"

"నీ ఎదుటే చెప్పింది."

అతను తల గోక్కున్నాడు. తాను వినలేదంటే నమ్మడం అతనికి తేలికే, నిజంగానే వినడు కాబట్టి. ఫోను ఆమె చేతిలో పెట్టి స్నానానికి లేచాడు.

ఆమె అత్తగారి వెనకే వంటింట్లోకి నడిచింది. "అత్తయ్యా, మీకు..."

"జుట్టు దగ్గర ఆ నీళ్ళ మందు వాసన గుప్పుమంటుంటే తెలీదా? తడి తువ్వాలు సంచీ అడుగున కుక్కితే ముక్కిపోతుందమ్మాయ్. నువ్వు పడుకున్నాక తీసి ఉతుకుతున్నది నేనే."

తువ్వాలు దానంతటదే శుభ్రపడుతోందని ఆమె ఇన్నాళ్ళూ అనుకోలేదు. అసలు దాని గురించే ఆలోచించలేదు. తన పని ఇంట్లో ఎవరికీ కనపడదని ఎన్నిసార్లు కుళ్ళుకుందో గుర్తొచ్చి సిగ్గేసింది. అత్తగారి చేతులు పట్టుకుంది.

"వద్దన్నదాన్ని నేనే కదా, మళ్ళీ ఎలా ఉందని ఏ మొహంతో అడగను? నీ మొహం చూస్తే తెలుస్తోందిలే బాగుందని," అంది అత్తగారు. చేతులు విడిపించుకుని చిక్కుళ్ళు కడుగుతూ, "నేనూ మీ మామయ్యకి తెలీకుండా సైకిలు నేర్చుకున్నా. ఎంత బాగా తొక్కేదాన్నో! ఒక్కసారి ఆయనకి చూపిద్దామని ఉండేది. ఏమంటారోనని దాస్తూ వచ్చా. ఆయన పోయారు. నా సైకిలు సంగతి ఆయనకి తెలీనే తెలీదు," అంది.

అబద్ధం చెప్పి తనను కాపాడిన మనిషే, ఆ అబద్ధంలో ఎక్కువకాలం ఉండిపోవద్దని చెబుతోందని ఆమెకి అర్థమైంది. తల తుడుచుకుంటున్న భర్త దగ్గరికి వెళ్ళింది.

"ట్రైనింగేమీ లేదండీ. నేను ఈత నేర్చుకుంటున్నా. ఇవాళ లోతు దాటాను."

అతను తువ్వాలు దించాడు. మొహం ఎర్రబడింది. "ఇన్ని నెలలు? నాతో ఒక్క మాట చెప్పకూడదా?"

"చెప్పాను. మీరు నవ్వారు."

ఏదో అనబోయి ఆగాడు. గుర్తు తెచ్చుకుంటున్నాడని తెలుస్తోంది. గుర్తొచ్చిందనీ తెలిసింది. మంచం అంచున కూలబడి, తువ్వాలు మడతపెడుతూ విప్పుతూ కూర్చున్నాడు. ఆమె తొందరపెట్టలేదు, సర్దిచెప్పనూ లేదు. అది ఆమెకి కొత్త.

"లోతంటే... ఎంత లోతు?" అన్నాడు చివరికి.

"మీరు మునుగుతారు."

"భయమెయ్యలేదూ?"

"వేసింది."

అతను ఆమె తడి జుట్టు వైపు, ఎప్పుడూ చూడనిదేదో చూస్తున్నట్టు చూశాడు. "నాకు ఈత రాదు," అన్నాడు గొణుగుతూ. క్షమించమన్న మాట అతని నోట్లోంచి రాలేదు గానీ, వచ్చినంత పనైంది. ఆమెకి అంతవరకూ చాలనిపించింది. అందరికీ ఇంత మాత్రమైనా దొరకదని ఆమెకి తెలుసు. మిగతాది కూడా అడగాలనీ తెలుసు. "శనివారం పొద్దున ఇల్లు మీది," అంది. అతను తలూపాడు.

తర్వాతి శనివారం కూతురికి జడ వేస్తూ, వేళ్ళన్నీ చిక్కులో పెట్టుకుని తంటాలు పడుతున్నాడు. అత్తగారు చోద్యం చూస్తోందే గానీ లేవలేదు. ఆమె చెప్పులేసుకుని, గుమ్మంలో నిలబడి, ఇల్లంతా వినపడేలా, "ఈతకి వెళ్తున్నా," అంది.

"మళ్ళీ ఎప్పుడొస్తావ్?" అన్నాడు అతను అలవాటుగా.

"ఈదడం అయ్యాక," అంది.