మూడో కొలత

ప్రొఫెసర్ రూరిక్ హెగ్‌బ్లూమ్ ఏ పనినీ ఒక్కసారితో సరిపెట్టుకునే మనిషి కాదు. ఇంటికి తాళం వేస్తే మూడుసార్లు లాగి చూడాల్సిందే. ప్రయోగశాలలో ఏ అంకె వచ్చినా మూడుసార్లు కొలవనిదే కాగితం మీద పెట్టేవాడు కాదు. ఆ జాగ్రత్తే ఆయన్ని దీవుల వెంట తిరిగే మామూలు డాక్టరు నుంచి ఓబూ పట్నంలో జీవరసాయన శాస్త్రాచార్యుణ్ణి చేసింది. స్వీడిష్ మాట్లాడే మా తీరంలో ఆయన పేరు తెలియని ఆసుపత్రి లేదు. నెత్తురు చుక్కలో ఒకానొక ఎంజైమ్ ఉందో లేదో తేల్చే పరీక్షను ఆయన పేరుతోనే పిలుస్తారు. ఆ జాగ్రత్తే ఒక పసివాణ్ణి పొట్టన పెట్టుకుందని మాత్రం ఆయనకు తప్ప ఎవరికీ తెలియదు.

ఆ సంగతి చెప్పుకోవడానికే డెబ్బై ఎనిమిదో ఏట, జూన్ నెలలో, గ్రోషెర్ దీవికి పడవెక్కాడు.

పడవ నడిపే ఏలోఫ్ ఇట్టే గుర్తుపట్టాడు. "ఏం డాక్టరుగారూ, ముప్పై ఆరేళ్లకి దారి గుర్తొచ్చిందా? మా ఒంట్లో నెత్తురు ఇంకా కాస్త మిగిలుంటుందనా?"

"ఈసారి సూది తేలేదు, ఏలోఫ్."

"బతికించారు! అప్పుడు దీవి దీవంతటినీ దోమల్లా పీల్చేశారుగా. ఇంతకీ ఎవరింటికి?"

"డగ్నీ ఇంటికి."

ఏలోఫ్ నవ్వు ఆపేశాడు. "బిర్గర్ పోయి నాలుగేళ్లయిందండీ. ఒక్కతే ఉంటోంది. వల వెయ్యడం మాత్రం మానలేదు" అన్నాడు, చుక్కాని వైపు తిరుగుతూ.

డగ్నీ, బిర్గర్‌ల మొదటి బిడ్డ స్టిగ్ మూడు వారాలకే ఒళ్లంతా పచ్చబడి పోయాడు. అప్పుడు రూరిక్ వేసవి నెలల్లో దీవుల డాక్టరు, మిగతా ఏడంతా ప్రయోగశాలలో. ఆ పసివాడి మూత్రం, నెత్తురు సీసాల్లో పట్టి పట్నం తీసుకెళ్లాడు. పాలలో ఉండే చక్కెరను అరిగించుకునే ఎంజైమ్ కొందరు పిల్లల్లో ఉండదనీ, వాళ్లకు తల్లిపాలే విషమవుతాయనీ పుస్తకాల్లో అప్పటికే ఉంది. దాన్ని నమ్మకంగా కొలిచే పద్ధతి కోసమే ఆయన తంటాలు పడుతున్నాడు. స్టిగ్ నెత్తురును రెండుసార్లు కొలిచాడు. రెండుసార్లూ ఎంజైమ్ లేదు. మూడోసారి గాజు గొట్టం సరిగ్గా కడగక లెక్క చెడింది.

సరిగ్గా ఆ వారంలోనే డగ్నీ ఫోను చేసింది. అది మార్చి నెల. సముద్రం మీది మంచు మనిషిని మోయదు, పడవను పోనివ్వదు. దీవికి చేరగలిగేది మాట ఒక్కటే.

"డాక్టరుగారూ, రెండోవాడు పుట్టాడండీ. ఊల్ఫ్ అని పెట్టాం. వీడూ అలాగే పచ్చబడుతున్నాడు. తాగింది తాగినట్టే కక్కేస్తున్నాడు. పాలు పట్టనా, మాననా?"

మానెయ్యి, దారి తెరుచుకునేదాకా చక్కెర నీళ్లు, ఓట్ల గంజి పట్టు అంటే సరిపోయేది. ఆ మాట నోటిదాకా వచ్చింది. కానీ తప్పని తేలితే? అంతకు ముందొకసారి తొందరపడి ఒక అంకె చెప్పి, ఆచార్యుడి ముందు తల తీసేసినంత పని అయింది. ఆ భయం ఆయన్ని వదల్లేదు.

"పట్టమ్మా, ఓపిగ్గా పట్టు. వచ్చేవారం ఖాయంగా చెప్తాను" అన్నాడు.

ఫోను వచ్చిన తొమ్మిదో రోజున మూడో కొలత సరిగ్గా వచ్చింది. ఊల్ఫ్ ఎనిమిదో రోజునే పోయాడు. ఆ తర్వాత వ్యాసం, పదవి, పతకాలు. డగ్నీకి రాయడానికి చెయ్యి రాక, తన తర్వాత దీవులకు వచ్చిన డాక్టరుకు నాలుగు ముక్కలు రాసి చేతులు దులుపుకున్నాడు. చేతులు దులుపుకున్నంత మాత్రాన మనసు ఊరుకుంటుందా? ఎంతోమంది పిల్లలు ఆయన పరీక్ష వల్ల బతికారని సభల్లో పొగుడుతుంటే, ఫోనులో ఆ గొంతే వినిపించేది.

డగ్నీ రేవు దగ్గర చేపల పొలుసు గీస్తోంది. చూసి, చేతులు కడుక్కుని, లోపలికి పిలిచి కాఫీ పెట్టింది. ఆమె సాసర్లో పోసుకుని, పంటి కింద చక్కెర బిళ్ల పెట్టుకుని తాగుతోంది.

"నల్ల రొట్టె తినండి. పట్నంలో మీరు తినేది రొట్టె కాదు, దూది."

ఆయన రొట్టె ముట్టుకోలేదు. దారి పొడుగునా వల్లె వేసుకున్నది మరిచిపోయి, ఉన్నది ఉన్నట్టు చెప్పేశాడు. "నువ్వు ఫోను చేసిన రోజుకే నాకు తెలుసమ్మా. రెండుసార్లు తేలింది. మూడోసారి కోసం ఆగాను."

"ఏం తెలుసు?"

"పాలే వాడికి విషమని. ఆపెయ్యమని ఒక్క మాట అని ఉంటే ఊల్ఫ్ బతికేవాడేమో. తప్పంతా నాది. నన్ను తిట్టు, కొట్టు, నీ ఇష్టం."

డగ్నీ సాసరు కింద పెట్టింది. "పాలా? మీ తర్వాత వచ్చిన ఆ డాక్టరు నెత్తురులో దోషమన్నాడే. మీరే రాశారన్నాడు. ఇంక పిల్లల్ని కనొద్దన్నాడు."

ఆమెకు అంతా తెలుసనీ, తన ఆలస్యం ఒక్కటే తెలియదనీ అనుకుని వచ్చాడు రూరిక్. లోకంలో ప్రతిదాన్నీ మూడుసార్లు సరిచూసుకున్నవాడు, దీన్ని ఒక్కసారైనా కనుక్కోలేదు.

"ఫోను చేసిన మూడోరోజు నుంచే మొహం తిప్పేసుకునేవాడండీ" అంది డగ్నీ, బల్ల వైపు చూస్తూ. "ఇంత పిడికిలితో నెట్టేసేవాడు. మీరు ఓపిగ్గా పట్టమన్నారుగా. బుగ్గలు నొక్కి నోరు తెరిపించి మరీ పట్టేదాన్ని. అంత వద్దంటుంటే ఎందుకే అని బిర్గర్ అడ్డొస్తే, డాక్టరుగారి కంటే నీకెక్కువ తెలుసా అని కసిరాను."

"అందులో నీ తప్పేం లేదమ్మా."

"లేదులెండి. మీదే అని మీరే అన్నారుగా." ఆ గొంతులో కోపం లేదు. ఉంటే ఆయనకు బాగుండేది. "ఇన్నేళ్లూ నెత్తురే అనుకున్నాను. నెత్తురంటే అందులో బిర్గర్‌దీ సగం. ఇద్దరం కలిసి ఏడ్చాం. పాలు నా ఒక్కదానివే కదండీ."

బరువు దించుకుందామని వచ్చిన రూరిక్, దాన్ని తెచ్చి ఆమె ఒళ్లో పెట్టాడు. ఇప్పుడు వెనక్కి తీసుకునే దారి లేదు.

పడవ కూత వినిపించింది. డగ్నీ లేచి చల్లారిన కాఫీ పారబోసింది. చుట్టాలు వెళ్లేటప్పుడు రేవుదాకా వెంట రావడం గ్రోషెర్‌లో మర్యాద. ఆమె గుమ్మందాకా కూడా రాలేదు.