ఆఖరి కుర్చీల దాకా

రేడియో ముందు పక్కపక్కన నిలబెట్టిన రెండు తీగల్లేని మైకుల మధ్య బాలరాజు చెవి పెట్టి కూర్చున్నాడు. ఒకదాంట్లో ఎర్ర కంపెనీ లిథియం సెల్లులు, రెండోదాంట్లో పచ్చ కంపెనీవి. ఉప్పల్ డిపో వెనక సందులోని ఆ మైకుసెట్ దుకాణంలో నిన్నటి నుంచీ రెండు స్పీకర్లూ ఒకే వార్తలు చదువుతున్నాయి.

భార్య లక్ష్మీనర్సమ్మ టిఫిన్ డబ్బా దించింది.

"ఏంది, కోడిపందెం వెట్టినవా? ఏ కోడి గెలుస్తది?"

అప్పుడే ఎర్రది ఆగిపోయింది. ముందుగా గరగరా లేదు, గొంతు తగ్గడమూ లేదు. మైకు మీది లైటు మాత్రం నిండుగా వెలుగుతోంది. పచ్చది ఇంకా చదువుతూనే ఉంది.

"పచ్చది గెలిసింది," అన్నాడు బాలరాజు. "ఈ లైటు మామూలు సెల్లులకు జేసింది. అవి మెల్లగ నీరసపడ్తయి. లిథియం గట్ల గాదు, ఆఖరిదాంక ఫుల్లే సూపిస్తది."

సాల్డరింగుకు కాలి గట్టిపడ్డ బొటనవేలితో మైకుల జాలీలు తుడిచాడు. ఎందరో పెద్దలకు మైకు పెట్టాడు. మాట్లాడేవాళ్ల నోటి దగ్గర మైకు ఏనాడూ మూగబోలేదు. అదే అతని ఆస్తి.

నాచారం బడిలో ఆ సాయంత్రం ఆయా కౌసల్యమ్మకు వీడ్కోలు సభ. ఆమె వారం కిందటే దుకాణానికి వచ్చి చెప్పింది: "నాది సన్న గొంతు బాలన్నా. మైకు పట్టుడు ఇదే మొదలు, ఇదే ఆఖరు. ఎనక కుర్చీలదాంక ఇనబడాలె."

ట్రాలీ ఆటో మెట్రో పిల్లర్ల కింద నుంచి వెళ్లింది. బడి మెట్ల మీద స్పీకరు మోస్తూ బాలరాజు ఒకసారి ఆగి, ఎండను తిట్టుకున్నాడు.

ముఖ్య అతిథి ప్రసంగం ముగియగానే వేదికెక్కి మైకులో సెల్లులు మార్చాడు.

"లైటు ఫుల్లుంది కదన్నా?" అంది బిందుమాధవి టీచర్.

"లైటును నమ్ముకుంటే కౌసల్యమ్మ ముచ్చట నడుమల తెగుతది మేడం. పచ్చ కంపెనీవే, కొత్తయి ఏసిన."

కౌసల్యమ్మ మైకు అందుకుంది. మొదట ఊపిరి ఒక్కటే వినిపించింది.

"ఎవరి పిల్లలు ఏడ్సినా నా కొంగుతోనే ముక్కు తుడిసిన. గా పిల్లల్ల ముగ్గురు ఇప్పుడు ఈడనే టీచర్లు. నన్ను సూసి ముక్కు దాసుకుంటున్నరు."

ఆఖరి వరసలో నవ్వు పుట్టి ముందుకు వచ్చింది. బాలరాజు ఆ నవ్వు విన్నాడు. మీటల బల్ల మీద గొంతు మీట రవ్వంత పైకి జరిపి, కుర్చీలో వెనక్కి వాలాడు.

ఆమె చాలాసేపు మాట్లాడింది. చప్పట్లు ఆగాయి. మాట ముగిసిన మరుక్షణం మైకు కట్టేయడం బాలరాజు పద్ధతి. ఇవాళ కట్టెయ్యలేదు. ఆమె మెట్లు దిగుతున్న చప్పుడు కూడా హాలంతా వినిపించింది.

"ఏం బాలన్నా, నా ముచ్చటకు నిద్రొచ్చిందా?"

హాలు మళ్లీ నవ్వింది. ఆమె అతని భుజం మీద చెయ్యి వేసింది. అతని తల పక్కకు ఒరిగింది, ఊపిరి లేదు. తనకు కప్పిన శాలువా తీసి, ఆమె మెల్లగా అతనికి కప్పింది.

కౌసల్యమ్మ మాట ఒక్కటీ తెగలేదని, కబురంది వచ్చిన లక్ష్మీనర్సమ్మకు మొదట చెప్పింది బిందుమాధవే. లక్ష్మీనర్సమ్మ తల ఎత్తి వింది. "తెగనియ్యడు," అంది.

అతన్ని తీసుకువెళ్లాక, మీటల బల్ల ముందు ఆ కుర్చీ అలాగే ఉంది. దాని వీపు మీద, మడత గీతలింకా పోని శాలువా.