తాళ్ళెక్కేటోడు

బాలనర్సయ్య చేసిన తప్పల్లా ఒక్కటే, ఫోన్ల అడిగిన మాటకు ఆలోచించకుండ జవాబిచ్చుడు. చెట్లు కొట్టే కంపెనీల మేస్త్రి ఓంప్రకాష్, తాళ్ళెక్కుడు వస్తదా పెద్దాయనా అని అడిగిండు. గదేం మాట, మూతికి మీసం రాకముందు సంది తాళ్ళే ఎక్కుతున్న అన్నడు ఈయన. అయితే పొద్దుగాల రమ్మన్నడు ఆయన. ఎవరి తాళ్ళు వాళ్ళ మనసుల ఉన్నయి మరి.

కల్లు గీసే గౌండ్లాయనకు తాళ్ళంటే తాటిచెట్లు, ఇంకోటి తెల్వదు. ఊళ్ళె తాళ్ళన్ని కొట్టేసి ప్లాట్లు చేస్తే షేక్‌పేటకొచ్చి పడ్డడు. అప్పటిసంది జూబ్లీహిల్స్ బంగ్లాలల్ల కొబ్బరిచెట్లెక్కి కాయలు దింపుకుంట, ఎండిన మట్టలు కొట్టుకుంట బతికిండు. నడుముకు, చెట్టుకు కలిపి చుట్టే మోకు, ఒక కత్తి, గంతే ఆయన సామాను. ఇప్పుడేమో మోకు చూస్తనే వాచ్‌మెన్లు గేటు కాడ ఆపుతున్నరు. బెల్టు లేంది ఎక్కనియ్యద్దని బంగ్లాలోళ్ళు అన్నరట, పడితే మా మీదికొస్తదన్నరట. ఒక్కొక్క గేటే మూసుకపోయింది. ఈ కంపెనీ గూడ వద్దంటే ఇగ ఇంట్ల కూసునుడే. పెండ్లాం కొమురమ్మ ఈ వయసుల ఇండ్లల్ల గిన్నెలు తోముకుంట తిరుగుతుంటే, ఈయన కూసోని తినాలె. ఆ సంగతి యాదికొస్తేనే పానం ఉసూరుమంటది.

పని ఫిల్మ్ నగర్ల శారదాదేవి అనే ఆమె ఇంట్ల. పాత నిద్రగన్నేరు చెట్టు కొమ్మొకటి పెంకుల కప్పు మీదికి ఒరిగింది. ఓంప్రకాష్ వ్యాన్ల నుంచి సంచి దించి బోర్లిచ్చిండు. అన్ని తాళ్ళే. ఇనుప కొక్కాలు, చేతి రంపం, టోపీ, నడుముకు తొడలకు కలిపి కట్టే బెల్టు. పై కొమ్మ మీదికెల్లి ఒక తాడు అప్పటికే ఏలాడుతున్నది. ఇగ ఎక్కు అన్నడు. బాలనర్సయ్య చుట్టు చూసి, తాటిచెట్టు ఏడుందని అడిగిండు.

ఓంప్రకాష్‌కు సమజయ్యేసరికి జరసేపు పట్టింది. ఎర్రగడ్డల పుట్టి, ఇంట్ల హిందీ మాట్లాడుకునేటోడు, ఆయనకు తాళ్ళంటే పట్టుకోని ఎక్కే తాళ్ళే. ముందుగాల నవ్విండు, ఎనుక తల పట్టుకున్నడు. ఇయ్యాల ఇంకో మనిషి దొరకడు. అయితే చెయ్యి, లేకుంటే ఇంటికి పో పెద్దాయనా, ఫికర్ లేదు అన్నడు. ఇంటికి పొమ్మన్న మాటే ఈయనకు పడలే. భుజం మీది మోకు తీసి చెట్టు మొదట్ల పెట్టి, బెల్టు కట్టమని నిలబడ్డడు.

తాడుకు పట్టిచ్చిన కొక్కాన్ని పైకి జరుపుడు, దానికి ఏలాడే ఉచ్చును కాలుతోటి తొక్కుడు, మల్ల జరుపుడు. చెట్టును ముట్టుకునే పనే లేదు. ఇదీ ఒక ఎక్కుడేనా అని లోపల్లోపల గునుసుకుంటనే ఎక్కిండు. మోకుతోనైతే కాళ్ళు చెట్టుకు తన్నిపట్టి నిలబడాలె. కాళ్ళల్ల బలమున్నంత సేపే అది మనిషిని ఆపుతది. ఆయన అన్న లక్ష్మయ్య అట్లనే పోయిండు. ఎండల చెట్టు ఎనుక చెట్టు ఎక్కి, ఆఖరి తాటి మీద కాళ్ళు వణికి కింద పడ్డడు. మోకు తెగలే, ముడి ఊడలే. మనిషి అలిసిపోయిండు, అంతే.

పైకి చేరినంక బాలనర్సయ్య మొద్దును కావలిచ్చుకున్నడు. చేతులిడిసి బెల్టు మీద కూసో, అప్పుడే రంపం పట్టొస్తది అని కిందికెల్లి ఓంప్రకాష్ చెప్తనే ఉన్నడు. చేతులు ఇడువయి. మన చేత్తోటి ముడెయ్యని తాడు మీద పానం ఎట్ల పెడ్తం? ఇంతల శారదాదేవి బయటికొచ్చింది.

"పెద్దాయన్ని దింపేయండి బాబూ, చూస్తుంటేనే భయమేస్తోంది. ఇంకెవరినైనా పిలిపించుకోండి."

ఆ మాట పైదాకా ఇనబడ్డది. ఇంకెవరన్న వస్తే ఇగ తను ఏ చెట్టూ ఎక్కేది లేదు. కండ్లు మూసుకోని చేతులిడిసిండు.

పడలే. బెల్టు తొడల కింద గట్టిగ పట్టింది, కాళ్ళు ఏలాడబడ్డయి. చెట్టు మీద కాళ్ళకు పని లేకుండ ఉండుడు ఆయన పుట్టి ఎరుగడు. మెల్లగ కొమ్మ కోసిండు, తాడు కట్టి కిందికి దింపుకున్నరు, ఒక్క పెంకు పగలలే. మంచిగ చేసినవ్, రేపటి సంది రోజు రా అని ఓంప్రకాష్ కేకేసిండు. ఇగ దిగుమన్నడు.

బాలనర్సయ్య దిగలే. కొక్కెం ఇరికిందేమో అని ఓంప్రకాష్ పరేషాన్ అయిండు.

"ఏం గాలె," అన్నడు పైకెల్లి. "జర కూసుంట."

అట్లనే కూసున్నడు. అరిగిపోయిన మోకాళ్ళు ఏలాడుతుంటే పానానికి మస్తు హాయిగ ఉన్నది, ఆ హాయికే దుఃఖమొచ్చింది. పని దొరికిన సంబురం ఏడ పోయిందో తెల్వదు. టోపీ కింద చెయ్యిపెట్టి కండ్లు తుడుసుకునుడు ఓంప్రకాష్‌కు కనబడ్డది. భయమైందా పెద్దాయనా అని అడిగిండు.

"లే," అన్నడు బాలనర్సయ్య. "మా అన్న తాటి మీద అలిసిపోయి పడ్డడు. పైన గూడ కూసోవచ్చని ఆయనకు తెల్వదు."

ఓంప్రకాష్ తాడు పట్టుకోని కిందనే నిలబడ్డడు. మల్ల దిగుమనలే.