లెక్కల మాస్టారి పేరు

సొంత మైదానాల్లో వరుసగా మూడు టెస్టులు పోయాయి. ఇంకా రెండు మిగిలాయి. ఓడిన తీరు ప్రతిసారీ ఒకటే. స్పిన్నర్ చేతికి బంతి రాగానే జాతీయ జట్టు బ్యాట్స్‌మెన్ కాళ్ళు క్రీజుకి అతుక్కుపోయేవి. చివరిసారి ఎనభై తొమ్మిదికే చాప చుట్టేశారు. అందరికంటే ఎక్కువ అభాసుపాలైంది వైస్ కెప్టెన్. పత్రికలవాళ్ళు అతనికి ‘అత్తారిల్లు’ అని పేరు పెట్టారు. ఏ స్పిన్నర్ వచ్చినా మర్యాదకి లోటుండదని.

సెలెక్టర్లు నలుగురిలో పెద్దాయన ఒకప్పటి ఫాస్ట్ బౌలర్. మీటింగులో ఆయనొక పేరు చెప్పగానే మిగతా ముగ్గురూ మొహమొహాలు చూసుకున్నారు.

“రాష్ట్ర జట్టుకి ఆడే ఆ స్కూలు మాస్టారా? ముప్పై నాలుగేళ్ళండీ ఆయనకి.”

“స్పిన్ ఆడటం వచ్చినవాళ్ళు ఇంకెవరైనా ఉంటే చెప్పండి, ఆ పేరే రాద్దాం.”

చివరికి మాస్టారి పేరే రాశారు.

ఈ కబురు ఫోన్లో చెప్పడానికి మనసొప్పక, పెద్దాయన స్వయంగా స్కూలుకి వెళ్ళాడు. స్టాఫ్ రూములో లెక్కల మాస్టారు ఎర్ర పెన్నుతో పేపర్లు దిద్దుతున్నాడు. చొక్కా చేతుల నిండా సుద్దపొడి.

“కూర్చోండి సార్. ఈ ఒక్కటీ అయిపోనివ్వండి,” అన్నాడు.

అది అయ్యాక పెద్దాయన నేల చూస్తూ చెప్పాడు. “ఆరేళ్ళ కిందట జాతీయ జట్టులోంచి మీ పేరు కొట్టేసింది నేనే. పరుగు నెమ్మదన్నాను.”

“తెలుసండీ.”

“ఎవరు చెప్పారు?”

“మిగతా ముగ్గురూ విడివిడిగా ఫోన్ చేసి, కొట్టేసింది తాము కాదన్నారు. ఇక మిగిలింది మీరే కదా. తీసివేత లెక్క.”

పెద్దాయన కుర్చీలో ఇబ్బందిగా కదిలాడు. మాస్టారే అందుకున్నాడు. “నెమ్మదన్న మాట నిజమే లెండి. ఇప్పుడింకా నెమ్మది. సరే గానీ, నాకోసం ఎవర్ని తీసేస్తున్నారు?”

“వైస్ కెప్టెన్‌ని.”

మాస్టారు పెన్నుకి మూత పెట్టాడు. “ఆయన్ని ఇంటికి పంపకండి. జట్టుతోనే ఉంచండి. ఇప్పుడు పంపేస్తే ఆ భయం జన్మలో పోదు.”

ఆ మాట కోసం పెద్దాయన కమిటీలో గంటసేపు వాదించాల్సి వచ్చింది.

నాలుగో టెస్టులో ముప్పై ఒకటికి నాలుగు వికెట్లు పడ్డాక మాస్టారు బ్యాటింగుకి దిగాడు. ఆయన పొట్ట చూసి జనం నవ్వారు. ఆయన అదేమీ పట్టించుకోకుండా, అడుగు ముందుకేసి బంతిని నేలకి నొక్కుతూ నాలుగు గంటలు నిలబడ్డాడు. యాభై ఏడు పరుగులు చేశాడు. చివరికి రెండో పరుగుకి వెళ్ళి, అడుగు దూరంలో రనౌట్ అయ్యాడు. జట్టు ఇరవై రెండు పరుగుల తేడాతో ఓడింది. తాను ఆరేళ్ళ కిందట అన్నది నిజమే, చేసింది మాత్రం తప్పేనని పెద్దాయనకి ఆ రోజు గట్టిగా అనిపించింది.

జట్టుతోనే ఉండి ఆ ఆటంతా చూసిన వైస్ కెప్టెన్, మర్నాడు పొద్దున నెట్స్‌లో మాస్టారి దగ్గరకొచ్చి నిలబడ్డాడు.

“బంతి ఎటు తిరుగుతుందో మీకు ముందే ఎలా తెలుస్తుంది మాస్టారూ?”

“అన్నిసార్లూ తెలియదు. తెలియనప్పుడు దాని దగ్గరికే వెళ్ళిపోతాను, తిరగడానికి చోటివ్వను. నువ్వు భయపడి వెనక్కి జరిగి దానికి చోటిస్తున్నావు.”

“ముందుకెళ్తే స్టంపౌటైపోతే?”

“అవుతావు. నేను పంతొమ్మిదిసార్లు అయ్యాను. ఏమైంది, ఇంటికెళ్ళి అన్నం తిన్నాను.”

అతను చాలా రోజుల తర్వాత నవ్వాడు. వారం పాటు ఇద్దరూ ఎండలో అదే పని.

ఆఖరి టెస్టుకి మాస్టారి మోకాలు వాచింది. తన పేరు తీసి వైస్ కెప్టెన్ పేరు రాయమని ఆయనే అడిగాడు. ఆ మ్యాచ్ డ్రా అయింది. వైస్ కెప్టెన్ అరవై మూడు చేశాడు. స్పిన్నర్లని చక్కగా ఆడి, ఆఖరున ఒక పనికిమాలిన బంతిని గాల్లోకి లేపి క్యాచ్ ఇచ్చాడు.

పెవిలియన్లో మాస్టారి పక్కనే కూర్చున్న పెద్దాయన ఆయన వైపు చూశాడు.

“అది నేను నేర్పింది కాదండీ,” అన్నాడు మాస్టారు, మోకాలు నిమురుకుంటూ. ఇద్దరూ ఒకేసారి నవ్వేశారు.