ఇంకో జత చేతులు

"చేపలు తోమడం వచ్చా మే నీకు?" అంది ముసలమ్మ అవ్వ.

నేను భుజం మీది సంచి ఇంకా దించలేదు. అవ్వ మా మేనత్త వనజాక్షికి అత్తగారు. ఇన్నేళ్ల తర్వాత వచ్చిన పిల్లకు మంచినీళ్లయినా ఇవ్వకముందే కత్తిపీట నా వైపు జరిపింది. రాదని చెప్పాలనుకున్నాను. చెప్పలేక నవ్వాను. ఎవరైనా ఎదురుగా నిలబడి అడిగితే నాకు మాట గొంతులోనే ఉండిపోతుంది, నవ్వు మాత్రం బయటికి వస్తుంది. కూర్చుని తోమాను.

నేను వచ్చింది అందుకు కాదు. వాకాడు దాటాక సముద్రం ఒడ్డున టెంటు వేసుకుని ఒక్కదాన్నే పడుకోవాలని, పొద్దు పొడవడం అందులోంచే చూడాలని కోరిక. ఎన్‌సీసీ సారును అడిగి కాలేజీ టెంటు తెచ్చుకున్నాను. కానీ టెంటు కోసమంటే నాయన పంపడు. అందుకే అత్తను కూడా చూసి వస్తానన్నాను. పడవలో వాటా గొడవై అత్తకూ నాయనకూ నా చిన్నప్పుడే మాటలు పోయాయి. అత్త పేరెత్తితే కంచం ముందు నుంచి లేచిపోయే నాయన, ఈసారి తలెత్తి నన్ను తేరిపార చూశాడు. "పద్దెనిమిది నిండినాయి గదా, పో" అన్నాడు. నన్ను పెద్దదాన్ని అనుకున్నాడని కొడవలూరులో బస్సెక్కేదాకా మురిసిపోతూనే ఉన్నాను.

కండక్టరు ఫ్రీ టికెట్టుకు ఆధార్ కార్డు చూసి, "ఒక్కదానివేనా పాపా? ఎవరింటికి?" అన్నాడు. "మా అత్తోళ్లింటికి" అన్నాను. ఆ మాట చాలింది. ఇంకేమీ అడగలేదు.

మధ్యాహ్నం మామ, బావ సుకుమార్ తిన్నారు. తర్వాత అవ్వ, నేను. అందరి తర్వాత అత్త గిన్నె అడుగున మిగిలిన పులుసు కలుపుకుంది. ఆమె వేళ్లు ముడుచుకోవడం లేదు. ఉప్పుకూ చేపముళ్లకూ పగిలి, కర్రల్లా నిలబడిపోయాయి. ముద్దను అరచేత్తో నెట్టి నోట్లో పెట్టుకుంటోంది. "కూరలో ఉప్పు తక్కువైంది" అన్నాడు బావ. కూర నేను వండలేదు. అయినా నా వైపు చూసే అన్నాడు.

సాయంత్రం ఇంటికి కనిపించేంత దూరంలో ఇసుకలో టెంటు వేసుకున్నాను. వలలు బాగుచేస్తున్న ఆడవాళ్లు ఒకటే నవ్వు. "వనజాక్షీ, నీ కోడలికి నీ ఇల్లు నచ్చలేదంటనే! గుడారంలో కాపరం పెట్టింది!" మేనత్త ఊరికి వెళ్లిన ఏ ఆడపిల్లకైనా ఈ ఎగతాళి మామూలే కదా. నేనూ నవ్వాను.

పొద్దున లేచి మొహం కడుక్కుని వచ్చేసరికి టెంటు లేదు. అవ్వ దాన్ని విప్పి ఇసుకలో పరిచి, దాని మీద నెత్తళ్ల చేపలు ఎండబోస్తోంది.

"అవ్వా, అది మా కాలేజీది."

"ఇంక కాలేజీ ఎందుకు మే నీకు? వచ్చే నెల్లో ముహూర్తం పెట్టుకుంటిమి గదా."

అత్త వైపు చూశాను. ఆమె కళ్లు దించలేదు. "మీ నాయనే ఫోన్ చేసినాడు. పడవ వాటా వాడికి ఇచ్చేస్తామన్నాము."

నాయనకు ఫోన్ చేశాను. ఈ పెళ్లి సంగతి నాకు తెలియదన్నాను, వద్దన్నాను.

"తెలియకేంది? పోతానని అడిగింది నువ్వే గదా. పాళెమంతా నిన్ను చూసినారు. ఇప్పుడు తిరిగొస్తే నలుగురూ ఏమంటారు?" అన్నాడు. వెనక అమ్మ ఏడుపు వినిపించింది. ఫోన్ మాత్రం తీసుకోలేదు.

అత్త దగ్గరికి వచ్చి నా జుట్టు సవరించింది, ఆ ముడుచుకోని వేళ్లతోనే. "నేనూ ఇట్టనే ఏడ్చినాను మే. ఎవురూ ఇనలా. నీది మాత్రం ఎందుకు ఇనాల?" గొంతులో ఎంతో ప్రేమ ఉంది. "చూడు ఈ చేతులు. ఇంక పనికి రావు. ఇంకో జత చేతులు కావాల నాకు."

నా చేతులు చూసుకున్నాను. ఎంత కడిగినా గోళ్ల సందుల్లో పొలుసు అలాగే ఉంది.

సంచి తీసుకుని రోడ్డు వైపు నడిచాను.

"వనజాక్షీ! పిల్ల పోతా ఉండాదే, పట్టుకో!" అవ్వ అరిచింది. మగవాళ్లు వేటకు పోయి ఉన్నారు. అత్త నా వెనక నాలుగడుగులు పరిగెత్తింది. అంతలో కుక్కలు నెత్తళ్ల మీదికి వచ్చాయి. ఆమె ఆగింది. నన్ను చూసింది, చేపల్ని చూసింది. వంగి రాయి తీసింది. కుక్కల మీదికో, నా మీదికో తెలియదు. వేళ్లు ముడుచుకోక రాయి జారి అక్కడే పడింది. ఆమె చేపల దగ్గరికే వెళ్లిపోయింది.

నెల్లూరు బస్సులో కండక్టరు ఆధార్ కార్డు చూశాడు.

"ఒక్కదానివేనా పాపా? ఎవరింటికి?"

"ఎవరింటికీ కాదు" అన్నాను. నవ్వలేదు.