కట్ట కలిపిన తరువాత

1977 మార్చి 9, బుధవారం మధ్యాహ్నం. రీనో పట్టణంలో ఒక క్యాసినో వెనుక, కిటికీలు లేని గదిలో ముగ్గురున్నారు: ఆ పూట ఆటబల్లలన్నింటికీ పెద్ద అయిన మెర్ల్ స్టోబా, తలుపుకు వీపు ఆనించి నిలబడిన కాపలాదారు గార్త్, వాళ్ళు బల్ల దగ్గరి నుంచి లేపి తెచ్చి కుర్చీలో కూర్చోబెట్టిన ఆరిన్ టెస్కీ.

రెండేళ్ళుగా ఆరిన్ బ్లాక్‌జాక్ అనే పేకాట బల్ల మీద పడిన ప్రతి ముక్కనూ మనసులో లెక్కపెట్టుకుంటూ బతుకుతున్నాడు. చిన్న ముక్కలు ఎక్కువగా వెళ్ళిపోతే కట్టలో పెద్దవి మిగులుతాయి. పందెం పెంచవలసింది అప్పుడే. అది నేరమేమీ కాదు, క్యాసినోలకు మాత్రం కంటగింపు. కాని పోయిన శీతకాలంలో ఇలాంటి గదిలోకే వెళ్ళిన అతడి జతగాడు రస్, కుడిచేతికి పిండికట్టుతో బయటికి వచ్చాడు. మెట్ల మీద జారిపడ్డానని ఈనాటికీ చెబుతాడు.

అందుకే ఆరిన్, తాను రెట్టింపు పందేల మనిషినని ఒక అబద్ధాన్ని సిద్ధం చేసుకున్నాడు. ఓడినప్పుడల్లా పందెం రెట్టింపు చేసేవాళ్ళంటే ఈ ఊరి క్యాసినోలకు ప్రాణం. కాగితం, పెన్సిలు చేతికిచ్చి, ఉచితంగా భోజనం పెట్టి మరీ కూర్చోబెట్టుకుంటారు. వరసగా ఓటములు వచ్చిపడిన పూట, అంతకుముందు గెలిచినదంతా వాళ్ళు తిరిగి ఇచ్చిపోతారని అందరికీ తెలుసు, ఆ ఆడేవాళ్ళకు తప్ప.

"రెట్టింపు మనిషినంటావు," అన్నాడు మెర్ల్, కట్ట విప్పుతూ. "మా బావమరిదీ అంతే. ఇల్లు పోయింది, కారు పోయింది. నమ్మకం మాత్రం చెక్కుచెదరలేదు."

గార్త్ ముక్కుతో నవ్వాడు.

"ఎప్పుడో ఒకప్పుడు గెలవకపోతానా సార్?"

"గెలుస్తావు నాయనా, ఎందుకు గెలవవు. ఏదీ, కాస్త ఆడి చూపించు. నేనూ నేర్చుకుంటాను."

పందెం బిళ్ళల దొంతర ఒకటి అతడి ముందుకు జరిగింది. ఆరిన్ ఒక బిళ్ళ పెట్టి ఓడాడు. రెండు పెట్టి ఓడాడు. నాలుగు పెట్టాడు, అవీ పోయాయి. అతడు తల గోక్కున్నాడు, ఖర్మ అని గొణుక్కున్నాడు. ఓడుతున్నకొద్దీ ఊపిరి కొంచెం కొంచెంగా ఆడసాగింది. లోపల మాత్రం లెక్క దానంతట అదే నడుస్తోంది. ఆపుదామన్నా ఆగడం లేదు.

మెర్ల్ పడిన ముక్కలన్నీ పోగుచేసి, తీరుబడిగా కట్టను కలిపాడు. బల్ల మీద పెట్టి, ఆగాడు.

ఆరిన్ చెయ్యి కదిలింది. ఒక్క బిళ్ళ పెట్టి వెనక్కి వచ్చింది.

కట్ట కలిపితే లెక్క సున్నా. సున్నా దగ్గర కనీస పందెం. రెండేళ్ళ అలవాటు. చేసిన పని అతడికి తెలిసేసరికి మెర్ల్ ఆ బిళ్ళనే చూస్తున్నాడు.

"ఎనిమిది కదా నాయనా పెట్టాలి?"

"మరిచిపోయాను సార్."

"మా బావమరిది పెళ్ళిరోజు మరిచిపోతాడు. పిల్లల పేర్లు ఒకరివి ఒకరికి పెట్టి పిలుస్తాడు. ఎనిమిది మాత్రం మరిచిపోడు. కట్ట కలిపినా, బల్ల మారినా, పైకప్పు కూలినా వాడికి ఎనిమిదే." మెర్ల్ ఆ ఒక్క బిళ్ళను వేలితో మెల్లగా తిప్పాడు. "కలపగానే మొదటికొచ్చే జాతి వేరు."



మెర్ల్ సొరుగులోంచి అచ్చువేసిన కాగితం ఒకటి తీశాడు. ఇకపై ఈ గడప తొక్కనని, తొక్కితే పోలీసులకు అప్పగించవచ్చునని అందులో ఉంది. "నీ ఫోటో సాయంత్రానికల్లా ఊళ్ళో అన్ని బల్లలకూ చేరుతుంది. ఏ చేత్తో రాస్తావు?"

ఆరిన్‌కు రస్ చేతి పిండికట్టు గుర్తొచ్చింది.

"కుడి."

"మంచిది. తొందరేమీ లేదు, శుభ్రంగా రాయి."

ఆరిన్ కాగితం చివర సంతకం పెట్టాడు. కలం కింద పెట్టి, గార్త్ తలుపు ముందు నుంచి తప్పుకుంటాడేమోనని చూశాడు. గార్త్ కదలలేదు; చొక్కా చేతులు పైకి మడుచుకుంటున్నాడు. మెర్ల్ సిరా ఆరేదాకా కాగితం మీద ఊది, దాన్ని అంచులు కలిసేలా మడిచి, కోటు లోపలి జేబులో పెట్టుకున్నాడు.